విద్యుత్ క్షేత్రంలో ఆవేశం ఏ దారిన వెళ్తుంది?

మీరు అడిగిన సందేహాలు ఐదు. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి అని చదువుకున్నాం కదా, మరి ఏ ఆవేశమూ లేని కాగితపు ముక్కను దువ్వెన ఎందుకు లాగుతుంది? క్షేత్రరేఖ ఎటు వంగితే ఆవేశం అటే వెళ్తుందా? ఎలక్ట్రాన్ తక్కువ పొటెన్షియల్ నుంచి ఎక్కువ పొటెన్షియల్ వైపు దానంతట అదే వెళ్తుందంటారు, అది ఎత్తు ఎక్కడం కాదా? తీగలో ఎలక్ట్రాన్లు అంత నెమ్మదిగా కదులుతుంటే దీపం వెంటనే ఎలా వెలుగుతుంది? చివరిగా, ఒకే వోల్టేజీతో వేగం పుంజుకున్న ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఒకే జత పలకల మధ్యకు వస్తే రెండూ సమానంగానే వంగుతాయని మీ పుస్తకం జవాబుల పట్టికలో ఉంది, అది అచ్చుతప్పా?

అచ్చుతప్పు కాదు. జవాబు సరైనదే, ఎందుకో చివర్లో లెక్క కట్టి చూపిస్తాను. దానికి ముందు మిగతావి తేలాలి. మొదటి సందేహాన్ని పక్కన పెడితే, తక్కిన నాలుగింటి వెనకా దాదాపు ఒకే పొరపాటు ఉంది. క్షేత్రం ఆవేశాన్ని ఒక దిశలో నడిపిస్తుందని మనం అనుకుంటాం. క్షేత్రం చేసేది అది కాదు. అది ఆవేశం మీద బలాన్ని ప్రయోగిస్తుంది. బలం త్వరణాన్ని ఇస్తుంది, అంటే ఉన్న వేగాన్ని మారుస్తుంది. ఆవేశం చివరికి ఎటు వెళ్తుందనేది ఆ బలం మీదా, అప్పటికే దానికి ఉన్న వేగం మీదా కలిపి ఆధారపడుతుంది. చాలామంది విద్యార్థులు స్థిరవిద్యుత్తు పాఠంలో తడబడేది విద్యుత్తు దగ్గర కాదు, న్యూటన్ రెండో నియమాన్ని యాంత్రికశాస్త్రం పాఠంలోనే వదిలేసి రావడం వల్ల.

ముందు బలం సంగతి. 1785లో ఫ్రెంచి ఇంజినీరు కూలుంబ్, సన్నని తీగకు వేలాడదీసిన కడ్డీ ఎంత మెలితిరుగుతుందో కొలిచి, రెండు ఆవేశాల మధ్య బలం వాటి లబ్ధానికి అనులోమంగా, దూరం వర్గానికి విలోమంగా ఉంటుందని చూపాడు. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది మీకు తెలిసిందే. ఎక్కువమంది పట్టించుకోని విషయం ఈ బలం ఎంత పెద్దదో. ఒక్కో కూలుంబ్ (ఆవేశాన్ని కొలిచే ప్రమాణం, ఆయన పేరే పెట్టారు) చొప్పున ఆవేశం ఉన్న రెండు బిందువులను మీటరు దూరంలో పెడితే వాటి మధ్య బలం 9 × 10⁹ న్యూటన్లు, అంటే దాదాపు తొమ్మిది లక్షల టన్నుల బరువు. ఒక్క గ్రాము రాగిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ల మొత్తం ఆవేశమే సుమారు 1500 కూలుంబ్‌లు. అయినా రాగి ముక్కలు ఒకదాన్నొకటి విసిరికొట్టవు. ఎందుకంటే ఆ ఋణావేశానికి సరిగ్గా సమానమైన ధనావేశం అక్కడే ఉంది. మన చుట్టూ ఉన్న పదార్థం శాంతంగా ఉండటానికి కారణం విద్యుత్ బలం చిన్నది కావడం కాదు, రెండు రకాల ఆవేశాలూ అంత కచ్చితంగా సరితూగడం.

ఒక్క కూలుంబ్‌ను ఒక గోళం మీద నిలపడం కూడా తేలిక కాదు. మామూలు గాలి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టుల క్షేత్రం వరకే తట్టుకుంటుంది. అది దాటితే గాలే వాహకమై ఆవేశం జారిపోతుంది. ఆ పరిమితి లోపల ఒక కూలుంబ్ నిలవాలంటే గోళం వ్యాసార్ధం సుమారు 55 మీటర్లు ఉండాలి. దువ్వెన మీద చేరే ఆవేశం సాధారణంగా నానోకూలుంబ్‌లలో, అంటే కూలుంబ్‌లో వంద కోట్లవ వంతుల్లో ఉంటుంది. పది నానోకూలుంబ్‌ల చొప్పున ఉన్న రెండు చిన్న బంతులు పది సెంటీమీటర్ల దూరంలో ఉంటే వాటి మధ్య బలం 9 మిల్లీగ్రాముల బరువుకు సమానం. ప్రయోగశాలలో తేలికైన బెండు బంతులనే వేలాడదీయడం అందుకే.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. ఒక బంతి మీద ఆవేశం పది రెట్లు ఎక్కువ ఉన్నా, రెండు బంతుల మీదా పనిచేసే బలాలు సమానమే, దిశలే వ్యతిరేకం. పెద్ద ఆవేశం చిన్నదాన్ని ఎక్కువగా తోస్తుందని రాసేవారు ఎందరో. తేడా వచ్చేది ద్రవ్యరాశిలో, దానివల్ల త్వరణంలో.

క్షేత్రం అనే భావన ఎందుకు కావలసి వచ్చిందో కూడా తెలియాలి. ఇక్కడి ఆవేశం అక్కడి ఆవేశాన్ని తాకకుండా ఎలా లాగుతుందన్న ప్రశ్నకు ఫారడే ఇచ్చిన సమాధానం అది. ఆవేశం తన చుట్టూ ఉన్న ప్రదేశం స్థితినే మారుస్తుంది, రెండో ఆవేశం తాను ఉన్న చోట క్షేత్రానికి మాత్రమే స్పందిస్తుంది. ఇది లెక్కల సౌకర్యం కోసం కల్పించిన బొమ్మ కాదు. మొదటి ఆవేశాన్ని కాస్త కదిపితే రెండోదానికి ఆ సంగతి అప్పటికప్పుడు తెలియదు. మార్పు కాంతి వేగంతో ప్రయాణించి చేరాలి, 30 సెంటీమీటర్లకు ఒక నానోసెకను పడుతుంది. ఆ నానోసెకను పాటు రెండో ఆవేశం మీద పనిచేసేది అంతకు ముందున్న క్షేత్రమే. ఈ ఆలస్యం గుర్తుంచుకోండి, దీపం గురించిన సందేహంలో పనికొస్తుంది.

ఒక బిందువు దగ్గర క్షేత్రం అంటే అక్కడ ఒక కూలుంబ్ ధనావేశం మీద పనిచేసే బలం. ధనావేశం మీద బలం క్షేత్ర దిశలో, ఋణావేశం మీద దానికి సరిగ్గా వ్యతిరేక దిశలో ఉంటుంది. చాలా ఆవేశాలు ఉంటే ఒక్కోదాని క్షేత్రాన్ని సదిశగా కూడాలి. ఏ ఆవేశమూ తన సొంత క్షేత్రం వల్ల తాను తోయబడదు కాబట్టి, దాని మీద బలం లెక్క కట్టేటప్పుడు దాన్ని వదిలేసి మిగతా ఆవేశాల క్షేత్రాన్నే తీసుకోవాలి.

ఇప్పుడు కాగితపు ముక్క. రుద్దిన దువ్వెన మీద ఋణావేశం ఉందనుకుందాం. కాగితంలోని అణువుల్లో ఎలక్ట్రాన్ల మేఘం దువ్వెనకు దూరంగా అతి కొద్దిగా జరుగుతుంది, కేంద్రకాలు దగ్గర వైపు మిగులుతాయి. దీన్ని ధ్రువణం అంటాం. మొత్తం ఆవేశం ఇప్పటికీ సున్నాయే. అయితే ధనావేశపు వైపు దువ్వెనకు కాస్త దగ్గరగా, ఋణావేశపు వైపు కాస్త దూరంగా ఉన్నాయి. దగ్గర ఉన్నచోట క్షేత్రం బలంగా ఉంటుంది కాబట్టి ఆకర్షణ వికర్షణను మించుతుంది. ఆ మిగులే కాగితాన్ని ఎగరేస్తుంది. దువ్వెన మీద ధనావేశం ఉన్నా జరిగేది ఇదే, జరుగుబాటు దిశ మాత్రం తిరగబడుతుంది, లాగడం మారదు.

ఈ వివరణలో ప్రాణం క్షేత్రం అసమానంగా ఉండటంలో ఉంది. రెండు పెద్ద సమాంతర పలకల నడుమ ఉండే ఏకరీతి క్షేత్రంలో అదే కాగితపు ముక్కను ఉంచితే ధ్రువణం జరుగుతుంది, కానీ రెండు వైపులా బలాలు సరితూగి నికర బలం సున్నా అవుతుంది. తటస్థ వస్తువు ఎప్పుడూ క్షేత్రం బలంగా ఉన్న వైపు లాగబడుతుంది, క్షేత్రరేఖ దిశలో కాదు. ధ్రువణం గురించి చెప్పి అక్కడితో ఆగిపోయే పుస్తకాలు సగం కారణమే చెబుతున్నాయి.

దీనికి ఒక ఆచరణాత్మక పర్యవసానం ఉంది. రెండు వస్తువులు ఆకర్షించుకున్నంత మాత్రాన వాటి మీద విజాతి ఆవేశాలు ఉన్నాయని చెప్పలేం. ఒకటి తటస్థమైనా కావచ్చు. వికర్షణ కనిపిస్తే రెండింటి మీదా ఆవేశం ఉందని నిశ్చయంగా చెప్పవచ్చు. దువ్వెనను తాకిన కాగితపు ముక్క కొన్నిసార్లు ఒక్కసారిగా దూరంగా ఎగిరిపోవడం మీరు చూసే ఉంటారు. తాకినప్పుడు అదే రకం ఆవేశం కొంత దానికి అంటుకుంది, ఇక వికర్షణే మిగిలింది. ఫ్రెంచి శాస్త్రవేత్త ద్యు ఫే 1733లో ఆవేశాలు రెండు రకాలని తేల్చడానికి దారి చూపినవి ఇలాంటి పరిశీలనలే. తాకి దూరంగా తోయబడిన ఒక తేలికైన బంగారు రేకును, రుద్దిన మరో పదార్థం దగ్గరకు లాక్కోవడం ఆయన గమనించాడు. ఆవేశం ఒకే రకమైతే అలా జరగకూడదు.

ఇంకొక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను, ఇది పాఠ్యపుస్తకాల్లో అరుదు. ఒకే గుర్తు ఆవేశం ఉన్న రెండు లోహపు గోళాలు కూడా, ఒకదాని మీద ఆవేశం మరొకదానికంటే చాలా ఎక్కువగా ఉండి, బాగా దగ్గరకు తెస్తే ఆకర్షించుకోవచ్చు. పెద్ద ఆవేశం, తక్కువ ఆవేశం ఉన్న గోళంలోని ఆవేశాలను తిరిగి సర్దుతుంది, దగ్గరి వైపు విజాతి ఆవేశం చేరుతుంది. ‘సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి’ అనే నియమం బిందు ఆవేశాలకు ఏ మినహాయింపూ లేకుండా వర్తిస్తుంది. వస్తువుల విషయానికి వస్తే లోపలి ఆవేశాలు ఎలా సర్దుకున్నాయో చూసే మాట్లాడాలి.

రెండో సందేహం నాకు అన్నిటికంటే ఇష్టమైనది. క్షేత్రరేఖ వెంటే ఆవేశం వెళ్తుందా? సాధారణంగా వెళ్లదు. రేఖకు ఒక బిందువు దగ్గర గీసిన స్పర్శరేఖ అక్కడి బలం దిశను చెబుతుంది, అంతే. నిశ్చల స్థితి నుంచి విడిచిపెడితే వెళ్తుంది కదా అంటారు. రేఖ తిన్నగా ఉంటే వెళ్తుంది. రేఖ వంకరగా ఉంటే నిశ్చల స్థితి నుంచి విడిచినా వెళ్లదు. ఎందుకో ఆలోచించండి. వంకర దారిలో వేగంతో వెళ్లే కణానికి, ఆ వంపు కేంద్రం వైపు లాగే అభికేంద్ర బలం కావాలి. క్షేత్రరేఖ మీద బలం పూర్తిగా స్పర్శరేఖ దిశలోనే ఉంది, కేంద్రం వైపు దానికి అంశమే లేదు. కాబట్టి కణం కొంచెం వేగం పుంజుకోగానే వంపు బయటి వైపుకు రేఖను తప్పిపోతుంది.

దీనికి ఎంతో అందమైన ఉదాహరణ ఒకటి ఉంది. సమానమైన ధన, ఋణావేశాలు అతి దగ్గరగా ఉన్న ద్విధ్రువాన్ని స్థిరంగా బిగించారనుకోండి. దాని అక్షానికి లంబంగా, మధ్యబిందువు గుండా పోయే తలంలో, కొంత దూరంలో ఒక ధనావేశాన్ని నిశ్చలంగా విడిచిపెట్టండి. అక్కడ మొదలయ్యే క్షేత్రరేఖ లోపలికి వంగుతూ పోయి ద్విధ్రువంలోకే చేరుతుంది. కణం మాత్రం ద్విధ్రువం నుంచి తన దూరం ఏమాత్రం మారకుండా, ఋణావేశం ఉన్న వైపున కచ్చితమైన అర్ధవృత్తం గీస్తుంది. అక్షం దగ్గరకు వచ్చేసరికి వేగం గరిష్ఠం. అర్ధవృత్తం అవతలి కొస చేరి క్షణం ఆగి, వచ్చిన దారినే వెనక్కి తిరుగుతుంది. అలా ఊగుతూనే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే దారం ఏదీ లేకపోయినా, కదలిక తొంభై డిగ్రీల నుంచి విడిచిన లోలకంలాగే ఉంటుంది. శక్తి నిత్యత్వం, న్యూటన్ నియమం ఉపయోగించి మీరే సరిచూడవచ్చు. ద్విధ్రువం వ్యాసార్ధం దిశలో ప్రయోగించే ఆకర్షణ ఆ వేగానికి కావలసిన అభికేంద్ర బలంతో ప్రతి బిందువు దగ్గరా సరిపోతుంది. క్షేత్రరేఖ ఒక దారి, కణం దారి మరొకటి. ఈ ఒక్క లెక్క చేసినవారికి ఆ రెండూ ఒకటే అన్న భ్రమ మళ్లీ రాదు.

మొదటే వేగంతో వచ్చే కణం విషయం ఇంకా స్పష్టం. ధనావేశం ఉన్న ఆల్ఫా కణం, ధనావేశమే ఉన్న బంగారు కేంద్రకం వైపు దూసుకొస్తున్నప్పుడు, బలం అంతా వెనక్కే ఉన్నా అది ముందుకే వెళ్తుంది, వేగం తగ్గుతూ. గైగర్, మార్స్‌డెన్ 1909లో చూసిన ప్రయోగాల ఆధారంగా రూథర్‌ఫర్డ్ 1911లో వేసిన లెక్క ఇదే. నేరుగా ఎదురొచ్చిన కణం సుమారు 3 × 10⁻¹⁴ మీటర్ల దూరంలో ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆగిన ఆ క్షణంలో దాని వేగం సున్నా, దాని మీద బలం గరిష్ఠం. వేగం సున్నా అయినచోట బలం కూడా సున్నా అని రాసే అలవాటు ఉంటే ఈ చిత్రాన్ని ఒకసారి కాగితం మీద గీసి చూడండి.

మూడో సందేహం చిన్నది. పొటెన్షియల్ అంటే ఒక కూలుంబ్ ధనావేశానికి ఉండే స్థితిశక్తి. ఏ కణమైనా నిశ్చల స్థితి నుంచి విడిచిపెడితే తన స్థితిశక్తి తగ్గే వైపే కదలడం మొదలుపెడుతుంది, పొటెన్షియల్ తగ్గే వైపు కాదు. స్థితిశక్తి అంటే ఆవేశం, పొటెన్షియల్‌ల లబ్ధం. ఎలక్ట్రాన్ ఆవేశం ఋణం కాబట్టి పొటెన్షియల్ పెరిగితే దాని స్థితిశక్తి తగ్గుతుంది. ఎలక్ట్రాన్ ఎత్తు ఎక్కడం లేదు, తన వాలులో తాను దిగుతోంది. మీ గందరగోళమంతా ధనావేశం కోసం గీసిన పటాన్ని ఎలక్ట్రాన్‌కు అలాగే వాడటం వల్ల వచ్చింది.

పొటెన్షియల్, క్షేత్రం రెండింటినీ కలిపేయడం ఇంకో సాధారణ దోషం. సమానమైన రెండు ధనావేశాల సరిగ్గా నడుమ క్షేత్రం సున్నా, పొటెన్షియల్ సున్నా కాదు. సమానమైన ధన, ఋణావేశాల నడుమ పొటెన్షియల్ సున్నా, క్షేత్రం మాత్రం బలంగా ఉంటుంది. క్షేత్రం అంటే పొటెన్షియల్ విలువ కాదు, అది ఎంత నిటారుగా మారుతోందో చెప్పేది. రెండు ధనావేశాల నడుమ ఉన్న ఆ సున్నా క్షేత్ర బిందువు దగ్గర మూడో ధనావేశాన్ని పెడితే నిలబడుతుందా అంటే, వాటిని కలిపే గీత మీద జరిపితే తిరిగి మధ్యకు వస్తుంది, పక్కకు జరిపితే పారిపోతుంది. స్థిరంగా ఉన్న ఆవేశాలను ఎలా అమర్చినా, వాటి క్షేత్రం ఒక్కటే మరో ఆవేశాన్ని అన్ని దిశల్లోనూ స్థిరంగా నిలపలేదని ఎర్న్‌షా 1842లో నిరూపించాడు. అయాన్లను నిలిపి ఉంచడానికి వుల్ఫ్‌గాంగ్ పౌల్ క్షేత్రాన్ని వేగంగా అటూ ఇటూ మార్చే ఉపాయం కనిపెట్టవలసి వచ్చింది. 1989లో నోబెల్ బహుమతిలో వాటా ఆయనకు దానికే దక్కింది.

ఇక తీగ. ఇంతసేపూ క్షేత్రం వేగాన్ని కాదు, త్వరణాన్ని ఇస్తుందని చెప్పాను. తీగలో మాత్రం ఎలక్ట్రాన్ల సగటు వేగం క్షేత్రానికి అనులోమంగా, స్థిరంగా ఉంటుంది. ఇది విరుద్ధం కాదా? కాదు, నియమం అదే, పరిస్థితి వేరు. రాగిలో ఎలక్ట్రాన్ సెకనుకు సుమారు 16 లక్షల మీటర్ల వేగంతో అన్ని దిశల్లోనూ తిరుగుతూ, గది ఉష్ణోగ్రత వద్ద దాదాపు 2.5 × 10⁻¹⁴ సెకన్లకు ఒకసారి కంపించే అయాన్ల వల్ల దిశ మారుస్తూ ఉంటుంది. రెండు తాకిడుల మధ్య క్షేత్రం దానికి త్వరణం ఇస్తుంది, తాకిడి ఆ సంపాదననంతా చెరిపేస్తుంది. మళ్లీ మొదలు. మిగిలేది క్షేత్రానికి వ్యతిరేక దిశలో ఒక చిన్న సగటు కదలిక. దాన్నే అపసర వేగం, డ్రిఫ్ట్ వేగం అంటాం. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచిన మిలికన్ ప్రయోగంలో గాలిలో తేలిన నూనె బిందువు కూడా ఇంతే, గాలి నిరోధం వల్ల దాని స్థిర వేగం దాని మీది బలానికి అనులోమంగా ఉంటుంది. మన రోజువారీ అనుభవమంతా ఇలాంటి నిరోధాల మధ్యే గడుస్తుంది కాబట్టి, ‘బలం ఉంటేనే వేగం’ అన్న భావం మనలో అంత లోతుగా పాతుకుపోయింది. శూన్యంలోని ఎలక్ట్రాన్‌కు ఆ భావం వర్తించదు.

అపసర వేగం ఎంతో చూద్దాం. రాగిలో ఘనమీటరుకు 8.5 × 10²⁸ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు. ఒక్కో ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబ్‌లు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న తీగలో ఒక ఆంపియరు ప్రవహిస్తే అపసర వేగం సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటర్లు. మీటరు దూరం దాటడానికి మూడున్నర గంటలకు పైనే పడుతుంది. అంత నెమ్మదిగా కదిలినా ఆంపియరు తూగుతుందంటే, కదిలేవాటి సంఖ్య అంత పెద్దది.

దీపం వెంటనే వెలగడానికి స్విచ్చి దగ్గరి ఎలక్ట్రాన్ దీపం దాకా రావలసిన పనే లేదు. దీపం తీగలో ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయి. వాటిని కదిలించే క్షేత్రం అక్కడికి చేరితే చాలు. స్విచ్చి వేయగానే తీగల ఉపరితలాల మీద ఆవేశాలు అతి స్వల్పంగా సర్దుకుంటాయి, ఆ సర్దుబాటు కాంతి వేగానికి దగ్గరి వేగంతో వలయమంతా పాకుతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న ఆలస్యం ఇదే. మీటరుకు కొన్ని నానోసెకన్లు. ఆ ఉపరితల ఆవేశాలే తీగ ఎన్ని వంపులు తిరిగినా లోపలి క్షేత్రాన్ని తీగ వెంట మళ్లిస్తాయి. ఏకాంతర విద్యుత్తులో (ఏసీలో) అయితే ఎలక్ట్రాన్ అసలు ఎటూ చేరదు. సెకనుకు 50 ఆవర్తనాల సరఫరాలో, ఇదే తీగ, ఇదే విద్యుత్తు అయితే, అది తన స్థానం నుంచి మైక్రోమీటరులో మూడో వంతు మేర అటూ ఇటూ ఊగుతుందంతే. దీపం వెలుగుతూనే ఉంటుంది.

విద్యుత్ ప్రవాహ దిశ ఎలక్ట్రాన్ల కదలికకు వ్యతిరేకంగా ఎందుకు గీస్తామని కూడా చాలామంది మథనపడతారు. ధన, ఋణ అన్న గుర్తులు 18వ శతాబ్దంలో ఫ్రాంక్లిన్ పెట్టినవి, ఎలక్ట్రాన్ బయటపడింది 1897లో. అప్పటికే అందరూ ఆ గుర్తులకు అలవాటు పడ్డారు. భౌతికశాస్త్రం ఏమీ చెడలేదు, దీని గురించి ఎక్కువ ఆలోచించకండి.

చివరి సందేహానికి వద్దాం. రెండు పలకలు 2 సెంటీమీటర్ల ఎడంలో, వాటి మధ్య 100 వోల్టులు, పలకల పొడవు 2 సెంటీమీటర్లు. క్షేత్రం మీటరుకు 5000 వోల్టులు. ఎలక్ట్రాన్ మీద బలం 8 × 10⁻¹⁶ న్యూటన్లు. వినడానికి చిన్నదే, కానీ ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 9.1 × 10⁻³¹ కిలోగ్రాములు కాబట్టి త్వరణం 8.8 × 10¹⁴ మీటర్లు ప్రతి సెకను వర్గానికి. భూమి ఆకర్షణ ఇచ్చే 9.8 దీని ముందు లెక్కలోకే రాదు.

ఎలక్ట్రాన్‌ను ముందు 284 వోల్టులతో వేగవంతం చేసి పంపారనుకుందాం. దాని వేగం సెకనుకు 10⁷ మీటర్లు. పలకలకు సమాంతరంగా, సరిగ్గా మధ్య నుంచి లోపలికి వస్తుంది. ఆ దిశలో బలం లేదు, కాబట్టి ఆ వేగం మారదు. పలకలు దాటడానికి 2 నానోసెకన్లు. ఈలోగా అడ్డంగా పనిచేసే త్వరణం దాన్ని ధన పలక వైపు 1.76 మిల్లీమీటర్లు జరుపుతుంది. దారి పరావలయం, విసిరిన రాయిలాగే. బయటపడ్డాక బలం లేదు కాబట్టి, దాదాపు 10 డిగ్రీల కోణంలో తిన్నగా సాగిపోతుంది. లోపల క్షేత్రరేఖలన్నీ పలకకు లంబంగా ఉన్నాయి, కణం దారి ఏ రేఖ వెంటా సాగలేదు.

ఇప్పుడు ప్రోటాన్. ఎలక్ట్రాన్ కంటే 1836 రెట్లు బరువు. దాన్ని కూడా అదే వేగంతో, సెకనుకు 10⁷ మీటర్లతో పంపితే, జరిగేది 1836వ వంతే, సుమారు ఒక మైక్రోమీటరు. మీ మనసులో ఉన్న చిత్రం బహుశా ఇదే, ఈ షరతుకు అది సరైనదే. కానీ ప్రశ్నలో ఉన్నది ఒకే వేగం కాదు, ఒకే వోల్టేజీ. 284 వోల్టులు ప్రోటాన్‌కూ అంతే గతిశక్తి ఇస్తాయి. బరువైనది కాబట్టి దాని వేగం 1836 వర్గమూలం వంతు, అంటే దాదాపు 43 రెట్లు తక్కువ. పలకల మధ్య 43 రెట్లు ఎక్కువ సేపు ఉంటుంది. జరుగుబాటు కాలం వర్గాన్ని బట్టి ఉంటుంది, 43 వర్గం ఇంచుమించు 1836. త్వరణంలో కోల్పోయిన దాన్ని కాలం సరిగ్గా తిరిగి ఇచ్చేసింది. సూత్రం రాసి చూస్తే ద్రవ్యరాశి, ఆవేశం రెండూ కొట్టుకుపోతాయి. జరుగుబాటు అంటే క్షేత్రాన్ని పలక పొడవు వర్గంతో గుణించి, వేగవంతం చేసిన వోల్టేజీకి నాలుగు రెట్లతో భాగించడమే. ప్రోటాన్ కూడా 1.76 మిల్లీమీటర్లే జరుగుతుంది. తేడాలు రెండే: దాన్ని వేగవంతం చేసే వోల్టేజీని తిప్పి కలపాలి, పలకల మధ్య అది ఋణ పలక వైపు వంగుతుంది.

ప్రయోగం చేసేటప్పుడు గొట్టంలో గాలి బాగా తోడేసి ఉండాలన్నది కూడా ఈ లెక్కలో భాగమే. 1883లో హెర్ట్‌జ్ క్యాథోడ్ కిరణాలను, అంటే ఎలక్ట్రాన్ల ధారను, ఇలాంటి పలకల మధ్య నుంచి పంపితే వంపు కనిపించలేదు. గొట్టంలో మిగిలిన వాయువు అయాన్లుగా విడిపోయి, విజాతి ఆవేశాలు పలకల దగ్గరకు చేరి లోపలి క్షేత్రాన్ని రద్దు చేశాయి. ప్రవాహం లేని లోహం లోపల క్షేత్రం సున్నా అవ్వడానికీ కారణం ఇలాంటిదే, కదలగల ఆవేశాలు ఉన్నచోట అవి క్షేత్రం రద్దయ్యేదాకా కదులుతూనే ఉంటాయి. థామ్సన్ 1897లో గాలిని ఇంకా బాగా తోడించాక వంపు స్పష్టంగా కనిపించింది. ఆ వంపుతో పాటు అయస్కాంత క్షేత్రాన్ని కూడా వాడి ఆవేశానికీ ద్రవ్యరాశికీ ఉన్న నిష్పత్తిని కొలిచాడు. అయస్కాంత క్షేత్రం ఎందుకు కావలసి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. ఒకే వోల్టేజీతో వచ్చిన కణాలను స్థిర విద్యుత్ క్షేత్రం ఒకే వంపులో పంపేస్తుంది, ద్రవ్యరాశి ఆచూకీ అందులో మిగలదు. అయస్కాంత బలం వేగం మీద ఆధారపడుతుంది కాబట్టి అది బరువైనవాటినీ తేలికైనవాటినీ వేరు చేయగలదు. రెండో మార్గం కాలాన్ని కొలవడం. మన పలకల పొడవు దాటడానికి ఎలక్ట్రాన్‌కు 2 నానోసెకన్లు పడితే ప్రోటాన్‌కు సుమారు 86 నానోసెకన్లు పడుతుంది. ప్రయాణ కాలాన్ని బట్టి అణువుల ద్రవ్యరాశి కనుక్కునే స్పెక్ట్రోమీటర్లు ఈ తేడా ఆధారంగానే పనిచేస్తాయి.